దీపపు చమురు, పుస్తకముల పిచ్చి

పుస్తకము చేతబట్టి కూర్చుండువారిని వెక్కిరించుటకు ఏ భాషయందును మాటలకు కొదువ లేదు. మన యిండ్లలో పుస్తకాల పిచ్చి యందురు, పుస్తకాల పురుగందురు. కొంచెము కోపము వచ్చెనా, చదివి యెవరిని ఉద్ధరింపవలెను, పొయ్యిమీద పాలు పొంగుచున్నవి చూడుమందురు. ఆంగ్లేయ భాషలో ఇట్టివారికి మూడు నాలుగు పేర్లు కలవు. వానిని గూర్చి ఈ నెల సోదరీమణులతో కొంచెము ముచ్చటింప దలచితిమి. ఒకరికి పెట్టిన పేరునుబట్టి పేరు పొందినవారి సంగతికంటె, పెట్టినవారి మనసే యెక్కువగా తెలియును. అందుచే ఇది వట్టి పదముల విచారణ కాదు. మన యింటి విచారణయు నగును.

అన్నింటిలో పెద్ద పేరు బిబ్లియోమేనియా. ఇది గ్రీకు మాటల కూర్పు. బిబ్లియోన్ అనగా పుస్తకము. మేనియా అనగా ఉన్మాదము. ఆ యున్మాదము గలవాడు బిబ్లియోమేనియాక్. డిబ్డిన్ అను ఆంగ్లేయ మతాచార్యుడు 1809లో ఈ పేరుతోనే యొక గ్రంథము ప్రకటించి, వైద్యుడు నాడి చూచి చెప్పినట్లు రోగలక్షణములను వరుసగా చెప్పెను. పెద్దకాగితముపై అచ్చైన ప్రతియే కావలెననుట యొక లక్షణము. అంచులు కత్తిరింపని ప్రతి కావలెననుట మరియొకటి. తొలికూర్పే కావలెననుట, చర్మపత్రముపై ముద్రించినది కావలెననుట, ఇతరుల ప్రతులలో లేని విశేషము తన ప్రతిలో నుండవలెననుట, ఇట్లు ఎనిమిది చెప్పెను. సోదరీమణులు గమనింపుడు: ఈ యెనిమిదింటిలో చదువుట యనునది లేదు.

డిబ్డిన్‌గారికిని ఆ రోగము బాగుగనే యుండెను. 1812లో లండను నగరమున రాక్స్‌బర్గ్ ప్రభువుగారి గ్రంథములను వేలము వేసిరి. అందు 1471లో వెనీసున అచ్చైన బొకాచియో కథల పుస్తకము ఒకటి యుండెను. దానికై ఇద్దరు ప్రభువులు పోటీపడగా 2,260 పౌండ్లకు పాట నిలిచెను. అంతకు ముందెన్నడును ఒక పుస్తకమునకు అంత ధర పలుకలేదు. ఆ సంబరములో డిబ్డిన్‌గారును ఆయన మిత్రులును కలిసి ఆ ప్రభువు పేర ఒక సంఘమునే స్థాపించిరి. పాడుకొన్నవారు అప్పులపాలై ఏడేండ్లకే తమ గ్రంథములను వేలమునకు పెట్టగా, ఆనాడు ఓడిపోయిన ప్రభువే అదే పుస్తకమును 918 పౌండ్లకు దక్కించుకొనెను. పశువుల సంతలో ముసలి యెద్దునకు గూడ ధర ఇట్లు పడదు.

ఇట్టివారికి మన సంస్కృతమున గ్రంథచుంబకుడని యొక మాట కలదు. చుంబనము అనగా ముద్దు. లోని సారము జోలికి పోక పుస్తకమును పైపైన ముద్దిడి విడుచువాడని యర్థము. ఉన్మాదమనుటకంటె ఈ మాటయే మాకు నచ్చినది. ఇందులో తిట్టును గలదు, నవ్వును గలదు. ఎదుటివానిని పిచ్చియాసుపత్రికి పంపవలసిన పని లేదు.

ఐనను గ్రంథములు కూర్చు పిచ్చి యంతయు వ్యర్థమని మేము చెప్పజాలము. బ్రౌనుదొరగారి కథ మనవారికి తెలియనిది కాదు. 1820లో కడపకు ఉద్యోగియై వచ్చిన ఆ ఇరువదియొక్క యేండ్ల చిన్నవాడు తెలుగు నేర్చుకొని, పిమ్మట తెలుగు తాటాకు గ్రంథముల వెంట బడెను. పండితులను తన సొంత వ్యయముతో పెట్టుకొని, ఒక్కొక్క కావ్యమునకు ఊరూర నుండి ప్రతులు తెప్పించి, సరిపోల్చి, శుద్ధప్రతి వ్రాయించెను. జీతము చాలకున్న అప్పు చేసెను. 1829లో వేమన పద్యములను అచ్చు వేయించెను. ఆయన నిఘంటువు 1852లో వెలువడెను. ఆయన కూర్చిన వ్రాతప్రతులు నేడు చెన్నపురిలోని ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమున కలవు. ఇదియు ఉన్మాదమే, సందేహము లేదు. కాని లండను ప్రభువు పుస్తకమును తన అలమారులోనికి తెచ్చుకొనెను, బ్రౌను చెదలపాలగుచున్న పుస్తకమును లోకములోనికి తెచ్చెను. ఒకే పేరుతో ఇరువురిని పిలుచుట ఆ పేరులోని లోపము.

రెండవ మాట బుక్‌వార్మ్. మన పుస్తకాల పురుగు దీనికి అచ్చుదించినట్లున్నది. ఆంగ్లేయులు నాలుగు వందల యేండ్లకు పైగా మనుష్యులను ఈ పేరుతో పిలుచుచున్నారు. నిజమైన పుస్తకపు పురుగు ఒకటి కాదు. పెంకుపురుగుల జాతిలో కొన్నింటి పిల్లలు అట్టనుండి అట్టకు సొరంగము తీసినట్లు తొలుచును. వెండివన్నె గలిగి, రెక్కలు లేక, పెట్టె తెరువగానే సందులలోనికి చటుక్కున పరుగిడు పురుగు వేరొకటి; దానికి అట్టలకు పూసిన గంజి జిగురు పాయసము వంటిది. చెదల మాట చెప్పనే యక్కరలేదు. ఒక్క వానకాలములో రామాయణము మొదలు రేషను కార్డు వరకు భేదము లేక ఆరగించును.

మా ఊరి పేరే ధూళిమిట్ట గనుక దుమ్మును గూర్చి మాకు వేరొకరు నేర్పనక్కరలేదు. పుస్తకముల పెట్టెను నేలకు తగులనీక నాలుగు రాళ్లపై ఎత్తి, గోడకు జానెడు దూరమున నుంచుదుము. నెలకొక్కసారి పుస్తకములను తీసి, పొడిబట్టతో తుడిచి, నీడపట్టున గాలి యాడనిత్తుము. ఎండలో నారవేసిన కాగితము అప్పడమువలె విరుగును. కావున ఎండ కూడదు. నీడనెండిన వేపాకును, వసకొమ్మును పలుచని బట్టలో మూటగట్టి మూలల నుంచి, వానకాలమునకు ముందు మార్చుచుండవలెను. తాటాకు గ్రంథములకు పెద్దలు పసుపు పూయుటయు, ఎర్రబట్ట చుట్టుటయు ఇందుకే. ఆ కాలపు వ్రాయసకాండ్రు గ్రంథము ముగియగానే నీటినుండి, నూనెనుండి, మూర్ఖుని చేతినుండి దీనిని కాపాడుడని చివర వేడుకొనెడివారు. నెల దినములు మెడవంచి వ్రాసినవాని భయము మనకు అర్థమగును.

పురుగు తినును గాని తెలియదు. చదువరిని పురుగనువాడు చదువరి వెనుకనుండి చూచుచున్నాడని మా తలంపు. వంగిన వీపు వానికి కనబడినది, కన్నులు కనబడలేదు.

మూడవ మాట ఇప్పుడు ఇంగ్లండులోనే వాడుకలో లేదు. కాని మాకు అన్నింటిలోను ఇదియే నిజమైన మాటగా దోచినది. కాండిల్‌వేస్టర్, అనగా క్రొవ్వొత్తులు దండుగ చేయువాడు. రాత్రులు మేలుకొని చదువువానికి అది పేరు. బెన్ జాన్సన్ 1600లో ప్రదర్శింపబడిన తన నాటకమొకదానిలో బుక్‌వార్మ్ అను తిట్టును, ఈ తిట్టును ఒక్కచోటనే చేర్చెను. షేక్‌స్పియరును ఆ కాలముననే ఈ మాటను వాడెను. ఉన్మాదమను మాట వైద్యునిది. పురుగను మాట తోడి మగవారి వెక్కిరింత. క్రొవ్వొత్తి దండుగ యను మాట మాత్రము ఇంటి వ్యయము చూచుకొనువారి నోట పుట్టినది.

ఈ మాట తెలియగానే మాకు మన యిండ్లే కన్నులయెదుట మెదలినవి. ఆడుపిల్ల చదువునకు మనవారు చెప్పిన అడ్డంకులలో శాస్త్రములు కొన్ని, చమురు కొంత. శాస్త్రమునకు సమాధానము చెప్పవచ్చును. ఇంకొక శాస్త్రము దొరకును. కిరసనాయిలు సీసాలో మట్టము దిగినదని చూపిన అత్తగారికి ఏమి సమాధానము చెప్పుదుము? మా అమ్మమ్మ కాలమున దీపము వెలుగుట వంటకు, పసిబిడ్డకు, రోగికి. చదువునకు వెలుగుట మగపిల్లవాని పరీక్షలకు. ఇప్పుడు ఇంటింట విద్యుద్దీపములు వెలుగుచున్నవి, చమురు లెక్క పోయినది. తిట్టు మాత్రము పోలేదు. ఇప్పుడు దండుగ యగుచున్నది గంట. ఆ గంట ఎవరిది యనునదే ప్రశ్న.

మా వీధిలో ఒక కోడలు కలదు. ఇంటరు వరకు చదివినది. దుకాణమునుండి వచ్చిన పొట్లపు కాగితమునైన చదువక పారవేయదు. పత్తి యేరుటకు పోయి వచ్చి, వంట ముగించి, గిన్నెలు తోమి, రాత్రి తొమ్మిది గంటలకు మాయింట తీసికొన్న నవలను తెరచునో లేదో, లోపలినుండి ఎవరో ఒకరు మంచినీళ్లడుగుదురు. అదే గడియలో ఆ యింటిలోని మిగిలిన నలుగురును చేతిఫోనులలో బొమ్మలు చూచుచుందురు. వారిని ఎవరును ఏమియు అడుగరు. ఏల యని మేము చాల ఆలోచించితిమి. ఫోను చూచువాడు పిలిచిన పలుకును, లేదా పలికినట్లు ఊఁ కొట్టును. పుస్తకము చదువు స్త్రీ ఇంటిలోనే యుండియు ఇంటిలో లేదు. కోపము వచ్చునది అందుకే. ఆ గడపదాటుట ఎవరికిని కనబడదు, ఆపుటకును వీలులేదు.

ఈ గడపను మనకంటె ముందు దాటినవారిలో భండారు అచ్చమాంబగారిని తలచుకొనక తప్పదు. ఆమె 1874లో కృష్ణామండలమున పుట్టినది. పదేండ్ల యీడున పెండ్లి యైనది. భర్త మాధవరావుగారి ఉద్యోగము మధ్యపరగణాలలో. బడికి పోయి చదివినది లేదు. తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు నాగపురమున ఆమె యింటనే యుండి చదువుకొనుచుండగా తానును అతనితోబాటు కూర్చుండి తెలుగు, హిందీ, మరాఠీ నేర్చినది. కన్నబిడ్డలు దక్కలేదు. ఆ దుఃఖములో మరియొకరైన పుస్తకమును మూలబెట్టి యుందురు. ఆమె మాత్రము మనదేశపు ప్రసిద్ధ స్త్రీల చరిత్రములను నానాభాషలనుండి ఏరి, అబలా సచ్చరిత్ర రత్నమాల మొదటి సంపుటమును 1901లో ప్రకటించినది. స్త్రీలు బుద్ధిహీనలనియు, చదివిన చెడుదురనియు చెప్పువారికి ఉదాహరణములతో బదులు చెప్పుటయే తన యుద్దేశమని అందు స్పష్టముగా చెప్పినది.

మరునాటి యేడే, అనగా 1902లో, బందరు వచ్చి ఓరుగంటి సుందరీరత్నమాంబగారితో కలిసి బృందావన స్త్రీ సమాజమును స్థాపించినది. హిందూసుందరి పత్రికకు కథలు వ్రాసినది. ఊరూర తిరిగి స్త్రీలను కూడబెట్టి మాట్లాడినది. రత్నమాలకు పురాణ స్త్రీలతో ఒక సంపుటమును, విదేశ స్త్రీలతో మరియొక సంపుటమును చేర్పదలచినది. 1905లో ముప్పదియేండ్ల ప్రాయముననే ఆమె పోయినది. మేమును ఆ యీడు దాటినవారమే. తలచుకొన్నప్పుడెల్ల చేతిలోని పని ఒక్క నిమిషము ఆగును.

ఆ పిచ్చి ఆ యింట ఒక్కరితో పోలేదు. ఆమె తమ్ముడు లక్ష్మణరావుగారును, మునగాల రాజాగారును, రావిచెట్టు రంగారావుగారును పూనుకొని 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును నెలకొల్పిరి. హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము 1904లో వెలసినది. నిజాము సీమలో తెలుగు పుస్తకమునకు నిలువనీడ లేని దినములలో వెలసిన నీడలివి. పిమ్మట లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞానసర్వస్వము తలపెట్టిరి. లోకములోని సమస్త విషయములు తెలుగులో చెప్పవలెనని! మూడు సంపుటములు వెలువడినను అకారము దాటలేదు. 1923లో ఆయన కన్నుమూసిరి. అక్కయు తమ్ముడును ఇరువురును మొదలిడిన పని పూర్తికాకుండగనే పోయిరి. పుస్తకముల పిచ్చివారికి ఆయుర్దాయము చాలదు కాబోలు.

ఇక్కడ మన భాషలోని మరియొక మాటను గూర్చి చెప్పవలెను. ఎక్కువ తెలిసినవానిని మన పెద్దలు బహుశ్రుతుడనిరి. శ్రుతమనగా విన్నది. ఎక్కువ చదివినవాడనక ఎక్కువ విన్నవాడని యేల యనిరి? చదువు మన దేశమున చెవిగుండ నడచినది. ఒకరు పురాణము చదువుదురు, ఒకరు అర్థము చెప్పుదురు, నలుబదిమంది విందురు. మాకు దగ్గరనున్న చేర్యాలనే చూడుడు. అక్కడి నకాషీ చిత్రకారులు ఖద్దరు బట్టకు చింతగింజల గంజియు సుద్దయు పట్టించి, దానిపై ముప్పది నలుబది అడుగుల పొడవున కులపురాణములను గళ్లుగళ్లుగా వ్రాసెడివారు. మార్కండేయ పురాణమును కూనపులివారు పద్మశాలీల యెదుట, జాంబ పురాణమును డక్కలివారు మాదిగల యెదుట ఆ పటము విప్పి, ఒక్కొక్క బొమ్మను చూపుచు రాత్రియంతయు కథ చెప్పెడివారు. అదియు పుస్తకమే. అక్షరము రానివారికి ఎదుట విప్పిన పుస్తకము. దానికి కాలిన చమురును ఎవరును దండుగ యనలేదు, ఏలయన అందరును విన్నారు.

ఈ విషయము మన సంసారములకు పనికివచ్చునని మేము మెల్లమెల్లగా తెలిసికొంటిమి. మా అత్తగారికి అక్షరములు రావు. పోతన భాగవతములోని ఘట్టములు మాత్రము మాకంటె బాగుగ నోటికి వచ్చును, చిన్ననాట విన్నవి. మధ్యాహ్నము కందులు చెరుగుచు, చదువవే యని తామే యడుగుదురు. ఆ గంటలో మా పుస్తకము ఇంటివారందరిది. ఆ గంట పుణ్యముననే రాత్రి మా గంటను వారు కాపాడుదురు. పిల్లవాడు పిలిచిన, మీ అమ్మ చదువుకొనుచున్నది, నేను పెట్టెద రమ్మందురు.

పనిచేయుచు వినుట మన దేశమునకే చెల్లినది కాదు. క్యూబా ద్వీపమున హవానా నగరములో చుట్టలు చుట్టు కార్ఖానాలలో 1865లో ఒక వింత యాచారము మొదలైనది. కూలివారు చుట్టలు చుట్టుచుండగా ఒకడు ఎత్తుపీటపై కూర్చుండి వార్తాపత్రికలను, నవలలను గట్టిగా చదువును. చదువువాని జీతము కూలివారు తమలో తాము చందా వేసికొని యిచ్చెడివారు. ఏ పుస్తకము చదువవలెనో వారే నిర్ణయించెడివారు. కూలివారు తెలివిమీరుచున్నారని దొరతనమువారు మరుసటి యేడే దీనిని నిషేధించిరి. నిషేధము పోయి మరల చదువు వచ్చెను. క్యూబానుండి పోయి అమెరికాలోని టాంపాలో చుట్టలు చుట్టినవారు ఈ యాచారమును తమతో తీసికొనిపోగా, 1931లో అక్కడి యజమానులు చదువరులను తొలగించి రేడియోలు పెట్టిరి. రేడియో యేమి చదువవలెనో కూలివారు నిర్ణయింపలేరు గదా.

కేరళదేశమున కన్ననూరు ప్రాంతపు బీడీ పనివారును ఇట్లే తమలో నొకనిని పత్రిక చదువుటకు కూర్చుండబెట్టి, అతని వాటా బీడీలను తాము చుట్టి యిచ్చెడివారట. మా జిల్లాలో దుబ్బాక వైపు వేలకొలది స్త్రీలు చేటలు ఒడిలో పెట్టుకొని తునికాకులో పొగాకు చుట్టి పొట్టపోసికొనుచున్నారు. వారి చేతులకు తీరిక లేదు గాని చెవులు ఖాళీగానే యున్నవి. ఎనిమిదవ తరగతి చదువుకొను కూతురు ఒక్కతె యున్నను ఆ యరుగుమీద ఒక నవల నడచును. ఈ మాటను మావారితో నన్నప్పుడు, బడిలో పాఠము గట్టిగా చదువుమన్న సిగ్గుపడు పిల్లలు అమ్మ యెదుట చదువుదురని వారును ఒప్పుకొనిరి.

తెలంగాణమున పుస్తకముల పిచ్చివారిని పేర్కొనవలసివచ్చిన మేము మొదట వట్టికోట ఆళ్వారుస్వామిగారి పేరు చెప్పుదుము. ఆయన 1915లో నల్లగొండ జిల్లాలో పుట్టెను. బాల్యమున తండ్రి పోయెను. చదువుకొనుటకు దారి లేక ఒక ఉపాధ్యాయుని యింట వంట చేయుచు ఆయనయొద్ద అక్షరములు దిద్దుకొనెను. మేమును ఉపాధ్యాయుని వంటయింటివారమే గనుక ఈ సంగతి మాకు ప్రత్యేకముగ తీపి. వంటయిల్లు చదువునకు శత్రువనువారు ఈ కథ వినవలెను. పిమ్మట భోజనశాలలో వడ్డన పని చేసెను. హైదరాబాదు వచ్చి గోలకొండ పత్రికలో అచ్చుతప్పులు దిద్దెను. 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి ముప్పదికి పైగా పుస్తకములు ప్రకటించెను. ప్రకటించి అంగడిలో కూర్చుండలేదు. పుస్తకములను తానే మోసికొని ఊళ్లకు పోయి, చదువరుల యిండ్లముందు నిలిచి అమ్మెను. కూరగాయల గంప దింపినట్లు వాకిట పుస్తకములు దింపిన మనిషిని ఊహించుకొనుడు. నిజాము చెరసాలలోను ఉండెను. దాశరథిగారు ఆయనకు అక్కడి తోడు. ఆయన నవల ప్రజల మనిషి 1955లో వెలువడినది. 1961లో, నలుబదియారవ యేట, కాలధర్మము చెందెను.

కృష్ణ కాలువ వెంబడి మరియొక పిచ్చివాడుండెను. గుంటూరు సీమకు చెందిన పాతూరి నాగభూషణముగారు 1935లో ఒక పడవనిండ పుస్తకములు పెట్టి కాలువమీద ఊరూరికి పంపిరి. పడవ రేవున ఆగును. చదివినవి తిరిగి యిచ్చి, క్రొత్తవి తీసికొని పోవుదురు. నీళ్లబిందెతో రేవునకు వచ్చిన స్త్రీకి పుస్తకమునకై వేరుగ గడప దాటవలసిన పనిలేదు. మా సీమలో కాలువలు లేవు, చెరువులే. మాకు ఆళ్వారుస్వామిగారి దారియే దారి.

డిబ్డిన్‌గారి ఎనిమిది లక్షణములలో ఒక్కటియు వీరికి పట్టదు. ఆయన చెప్పిన రోగికి పుస్తకము దొరుకగానే చేయి బిగియును, వీరికి వదలును. దీనికి ఆంగ్లేయమున పేరు కలదేమో యని మావారి నిఘంటువును రెండు రాత్రులు తిరుగవేసితిమి. గ్రంథప్రియుడని యర్థమిచ్చు బిబ్లియోఫైల్ కనబడినది. అదియు తన అలమారును ప్రేమించువానికే యెక్కువగా చెల్లుచున్నది. తెలుగున మేము పెట్టదలచిన పేరేదియు లేదు. పిచ్చి యనియే యుండనిండు. పిచ్చి యను మాటలో మనకు ముద్దును గలదు గదా.

పుస్తకమును, వనితను, విత్తమును ఒకే వరుసను గూర్చి, పరుల చేతికి పోయినచో పోయినట్లే యని చెప్పు చాటుశ్లోకమొకటి సంస్కృతమున కలదు. ధనముతోడను గ్రంథముతోడను మమ్ము సమానముగ పెట్టెలో పెట్టి తాళము వేయదలచిన ఆ మహానుభావుడు ఎవరో గాని, ఎరువిచ్చిన పుస్తకమును గూర్చి మాత్రము అనుభవముతోనే చెప్పినట్లున్నాడు. మా యినుపపెట్టెలో నూట నలుబదికి కొంచెము తక్కువగా పుస్తకములు కలవు. తీసికొన్నవారి పేరును, తేదీని వ్రాయుటకు ఒక నోటుపుస్తకము కుట్టితిమి. మొదటి పుటనుండియే లెక్క సరిపోవుట లేదు. ప్రజల మనిషి ఎదుట సంక్రాంతినాటి తేదీయు, మా వీధి కోడలి పేరును కలవు. తిరిగి వచ్చిన తేదీ ఖాళీగ నున్నది. మొన్న విచారింపగా అది ఆమెయొద్ద లేదట. ఆమె తన తోడికోడలికి, ఆమె పుట్టింటికి పోవుచు తన వదినకు ఇచ్చిరట. అట్ట ఊడినదనియు, ఊడినదానిని పిండి జిగురుతో అంటించిరనియు, ఇప్పుడు దానిని ఆ యింటి పెద్దామెకు సాయంకాలములు మనుమరాలు చదివి వినిపించుచున్నదనియు తెలిసినది. ఇంకను నలుబది పుటలు మిగిలియున్నవట.